కలల్లో కోపం దొరకలేదు

పోయినేడు నా ప్రాజెక్టు అర్ధాంతరంగా ఆగిపోయింది. నాలుగు నెలలు బెంచి మీదే. వీసా సంగతి తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "గొంతేంట్రా అలా ఉంది" అనేది. "జలుబు" అనేవాణ్ణి.

చివరికి ఒక కౌన్సెలర్ దగ్గరికెళ్ళాను. మాట్లాడితే తగ్గే జబ్బేమిటి, దానికి డబ్బులు కూడానా అని లోపల ఒకటే అనుమానం. రెండోవారం ఆవిడ నా చేతిలో ఓ కాగితం పెట్టింది. అందులో మూడు గడులు: ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏ మాట మెదిలింది, ఏమనిపించింది. అచ్చం మన ఎర్రర్ లాగ్! ఈ స్పెక్ రాసిన మహానుభావుడెవరా అని తవ్వితే ఆరన్ బెక్ (1921-2021) తేలాడు.

ఈయన ఫిలడెల్ఫియాలో సైకియాట్రిస్టు, పైగా ఫ్రాయిడ్ శిష్యపరంపరలో తర్ఫీదైనవాడు. డిప్రెషన్ అంటే ఎవరిమీదో ఉన్న కోపం మన మీదకే తిరగడమని ఫ్రాయిడ్ 1917లో రాశాడు. అప్పటికి అది దాదాపు వేదవాక్కు. మరోపక్క లండన్లో ఐసెంక్ 1952లో, ఈ మాటల వైద్యం వల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారమేదీ అని నిలదీశాడు. బెక్ మాత్రం గురువుగారి మాటే నిజమని లెక్కల్తో నిరూపిద్దామని 1950ల చివర్లో రోగుల కలల్ని పోగేశాడు.

కలల్లో కోపం దొరకలేదు. ఓటమి, పోగొట్టుకోవడం, ఎవరికీ అక్కర్లేకపోవడం, ఇవే కనిపించాయి. సరే, బాధపడాలనే కోరిక ఉందేమో అనుకున్నాడు. అదీ నిలబడలేదు. ఏదైనా చిన్న పనిలో నెగ్గితే వాళ్ళ మనసు తేలికపడేది. బాధే కావాలనుకునేవాడికి గెలుపెందుకు రుచిస్తుంది? డేటా కుదరనప్పుడు డేటానే మార్చేవాళ్ళని మా ఫీల్డులో చాలామందిని చూశాను. ఈయన సిద్ధాంతాన్ని మార్చుకున్నాడు.

ఆయన తరచూ చెప్పిన సంగతి ఒకటుంది. ఒకావిడ తన ప్రేమ వ్యవహారాలు చెబుతూ కంగారుపడుతోంది. బెక్ పుస్తకంలో ఉన్న కారణం చెప్పాడు. ఆవిడ, అదేం కాదు, మీకు విసుగు పుట్టిస్తున్నానేమోనని నా భయం అంది. పైకి చెబుతున్న కథ వెనక ఇంకో గొంతు తనంతట తను నడుస్తోందన్నమాట. వాటికి ఆటోమేటిక్ ఆలోచనలని పేరు పెట్టాడు. వాటిని పట్టుకుని నిజమా కాదా అని రోగి చేతే పరీక్ష చేయించడమే ఈయన పద్ధతి.

1961లో 21 ప్రశ్నల పట్టిక తయారుచేశాడు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. దిగులుకి మార్కులేమిటని నవ్వొస్తుంది గానీ, కొలత ఉంటేనే పోటీ పెట్టగలం. 1977లో అదే జరిగింది: 41 మంది రోగులు, 12 వారాలు, కొందరికి ఈ థెరపీ, మిగతావాళ్ళకి ఇమిప్రమిన్ మాత్రలు. థెరపీదే పైచేయి. అయితే 1989లో వచ్చిన పెద్ద పరీక్షలో, తీవ్రంగా ఉన్నవాళ్ళకి మాత్రే మెరుగ్గా పనిచేసింది. 2005 నాటి మరోదాంట్లో, అనుభవమున్న థెరపిస్టులైతే రెండూ ఇంచుమించు సమానం. కాబట్టి మాత్రలు వాడుతున్నవాళ్ళు ఇది చదివి మానేయకండి బాబూ!

నా కాగితంలో మొదటి వరస: మేనేజరు మెయిల్‌కి జవాబివ్వలేదు. రెండో గడిలో: నన్ను తీసేస్తున్నారు. తీరా చూస్తే ఆయన కూతురి పెళ్ళి పనుల్లో ఉన్నాడు. అలాంటివి నలభై దాకా రాశాను. ఆరేడు నిజంగానే భయపడాల్సినవి, వాటికి ఏం చెయ్యాలో అది చేశాం.

మొన్న ఫోన్లో అమ్మకి చెప్పాను, అప్పట్లో అది జలుబు కాదని.

"నాలుగు నెలలుండే జలుబేమిట్రా?" అంది.