ప్రవాస బాండ్లు: ఖమ్మం నుంచి భద్రాచలం మన్యం దాకా

విదేశాల్లో స్థిరపడినవారి పొదుపును సొంత దేశపు ప్రభుత్వం అప్పుగా తీసుకుని, వడ్డీ కట్టి, గడువుకు తీర్చే పత్రాలను ప్రవాస బాండ్లు అంటారు. ఇజ్రాయెల్ 1951లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన విక్రయం వీటిలో ప్రసిద్ధమైనది. ఇథియోపియా నీలి నైలు మీద పెద్ద ఆనకట్టకు 2011 నుంచి ఇలాగే సొమ్ము సేకరించింది.

భారత్‌కు ఆ అవసరం 1991లో వచ్చింది. విదేశీ మారకం అడుగంటి, బంగారాన్ని దేశం దాటించి కుదువపెట్టిన ఏడాది అది. తెలంగాణ బిడ్డ పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా స్టేట్ బ్యాంక్ ఇండియా డెవలప్‌మెంట్ బాండ్లు అమ్మింది. సుమారు 160 కోట్ల డాలర్లు వచ్చాయి. 1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షలకు ఆంక్షలు ఎదురవగా, ఆగస్టులో రీసర్జెంట్ ఇండియా బాండ్లు తెచ్చారు. గడువు ఐదేళ్లు, డాలర్లలో పెట్టినవారికి వడ్డీ 7.75 శాతం. అసలు, వడ్డీ రెండూ పెట్టిన కరెన్సీలోనే తిరిగొస్తాయి. రూపాయి పడిపోతే వచ్చే నష్టంలో అధిక భాగాన్ని కేంద్రం తన నెత్తిన వేసుకుంది. 420 కోట్ల డాలర్ల దాకా చేరాయి. 2000లో ఇండియా మిలీనియం డిపాజిట్లకు 550 కోట్ల డాలర్లు వచ్చాయి. మూడుసార్లూ దేశం గండం గట్టెక్కింది, మాట ప్రకారం అప్పు తీర్చింది.

రాష్ట్రాలకు ఈ దారి లేదు. రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం అవి దేశం లోపలే అప్పు చేయాలి. కేరళ 2018లో ప్రవాసీ చిట్టీ పెట్టి, చిట్టీ డబ్బును మౌలిక వసతుల సంస్థ బాండ్లలోకి మళ్లించింది. చిట్టీలు బాగా తెలిసిన తెలుగువాళ్లు ఇలాంటిది చేయకపోవడం విచారకరం. ఇక్కడ పాలకులు విరాళాన్నే నమ్ముకున్నారు. 1997 జనవరిలో మొదలైన జన్మభూమి కార్యక్రమంలో ఊరి పనుల ఖర్చుకు ప్రజల వాటా ఉండేది. ఊరి వాటాను అమెరికాలో ఉన్నవారు కట్టిన పల్లెలున్నాయి. తానా (1977), ఆటా (1990) వంటి అమెరికా తెలుగు సంఘాల చేయీ ఇలాంటి సాయంలో ఉంది. తెలంగాణ 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభించిన మన ఊరు–మన బడి 26,065 బడుల కోసం రూ. 7,289 కోట్ల అంచనాతో వచ్చింది. దాతలుగా ప్రవాసులనూ ఆహ్వానించింది.

విరాళం తన ఊరినే వెతుక్కుంటుంది. సాగర్ ఎడమ కాలువ నీరందిన మధిర, వైరా పల్లెల్లో పిల్లలు ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లారు. వారి డబ్బు బడికి, గుడికి, మంచినీటికి తిరిగొచ్చింది. గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళితే కోయగూడేల్లో పిల్లలు అమెరికా వెళ్లిన ఇల్లు అరుదు. ఇక్కడికి బయటి మనుషులు వచ్చేది మిర్చి కోతకు, ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలుగా. ఈ ప్రాంతపు బొగ్గుకు మాత్రం పెట్టుబడి ఏనాడో వచ్చింది: ఇల్లెందు తవ్వకాలకు 1886లోనే ఇంగ్లండులో హైదరాబాద్ (డెక్కన్) కంపెనీ నమోదైంది, దాని ఆస్తులే 1920లో సింగరేణికి వచ్చాయి.

బాండు సొమ్ము ఖజానాకు చేరుతుంది గనుక దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో ప్రభుత్వం నిర్ణయించగలదు. దాత కోరిన ఊరికే వెళ్లే విరాళానికి ఆ వెసులుబాటు లేదు. రాష్ట్రానికి బాండు దారి లేదు కాబట్టి, సొంతూరికి ఇచ్చే ప్రతి ప్రవాసీ అందులో ఒక వాటాను భద్రాచలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలకు కేటాయించాలి.