లవం పైన, హారం కింద

షట్టర్ సగం దించేశారు. విజయవాడ గవర్నరుపేటలో ఓ డీటీపీ గది, రాత్రి తొమ్మిదిన్నర. లెక్కల మాస్టారు తన ఇంటర్ పుస్తకాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. లిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఆయనే టైపు చేసుకున్నారు. పీడీఎఫ్ ముత్యాల్లా ఉంది. కానీ చూపు లేని ఆయన శిష్యుడికి కావలసింది వెబ్ పేజీ.

ఆపరేటర్ అమ్మాయి ఎక్స్‌పోర్ట్ కొట్టింది. వర్గ సమీకరణం మూలాల సూత్రం తెర మీదికొచ్చింది. "కొంచెం పెద్దది చెయ్యమ్మా." కంట్రోల్ పట్టుకుని ప్లస్ మూడుసార్లు నొక్కింది. తెలుగు అక్షరాలు నిండుగా పెరిగాయి. సూత్రం మాత్రం తడిసిన ఇంకులా అలుక్కుపోయింది. స్క్రీన్ రీడర్ ఆన్ చేస్తే వాక్యమంతా చదివి, సూత్రం దగ్గర "గ్రాఫిక్" అనేసి ముందుకెళ్లిపోయింది.

"అదేంటమ్మా, అసలు సంగతే మింగేసింది!"

"బొమ్మగా వెళ్లింది మాస్టారూ."

డాక్యుమెంట్ సెట్టింగ్స్ తెరిచింది. మ్యాథ్ అవుట్‌పుట్ దగ్గర నాలుగు దారులు: మ్యాథ్‌ఎంఎల్, హెచ్‌టీఎంఎల్, ఇమేజెస్, లాటెక్. ఎవరో ఎప్పుడో ఇమేజెస్ మీద పెట్టి వదిలేశారు. ఒకప్పుడు అందులోనూ అర్థముంది. సూత్రాలను ట్యాగులుగా రాసే మ్యాథ్‌ఎంఎల్ ప్రమాణం 1998లోనే వచ్చినా, క్రోమ్ బ్రౌజర్ దాన్ని నిలకడగా చూపించడం 2023 జనవరిలో, 109వ వెర్షన్‌తోనే మొదలైంది. ఇప్పుడు ఆ సాకు లేదు.

మ్యాథ్‌ఎంఎల్‌కి మార్చి, మళ్లీ ఎక్స్‌పోర్ట్. ఈసారి ఆమె పేజీ సోర్సు తెరిచింది. పక్కనే కూర్చున్న నేనూ స్టూలు ముందుకు జరుపుకున్నాను. ఎంఫ్రాక్ అన్న ట్యాగు, దాని కడుపులో రెండు భాగాలు. మొదటిది లవం, రెండోది హారం. లవంలో ఎంఎస్‌క్యూఆర్‌టీ, అందులో బీ స్క్వేర్ మైనస్ నాలుగు ఏసీ. మాస్టారు తెరకు దగ్గరగా వంగారు. "బోర్డు మీద నేను చెప్పే వరసే కదా ఇది!"

పుస్తకం పదకొండో పేజీలోని ఒక సమీకరణం ఇక్కడ గల్లంతు. వెతికితే, మాస్టారు దాన్ని ఎర్ర పెట్టెలో నేరుగా లాటెక్ కోడ్‌గా కొట్టారు. హెచ్‌టీఎంఎల్‌కి వెళ్లేటప్పుడు లిక్స్ ఆ పెట్టెను వదిలేస్తుంది, నోరెత్తకుండా. తప్పిపోయిందని చెప్పకపోవడమే నాకు నచ్చని సంగతి. మాస్టారు చెబుతుంటే ఆమె దాన్ని ఫార్ములా పెట్టెలో తిరిగి కొట్టింది.

ఇక బొమ్మలు. నాలుగంగుళాల త్రిభుజం ఈపీఎస్ నుంచి పీఎన్‌జీ అయ్యేసరికి 288 పిక్సెళ్లే మిగిలాయి. ఆ మార్పు చేసే ఇమేజ్‌మ్యాజిక్‌కి ఏమీ చెప్పకపోతే అంగుళానికి 72 చుక్కలే వేస్తుంది. డెన్సిటీ 300 అన్న మాట కమాండ్‌లో ఈపీఎస్ ఫైలు పేరుకు ముందే ఉండాలి. వెనక పెడితే బొమ్మ అప్పటికే 72కి గీసేసి ఉంటుంది. ఆమె ఆ మాటను ముందుకు జరిపింది. 1200 పిక్సెళ్లు. గీతలు కత్తిరించినట్టు నిలబడ్డాయి.

మళ్లీ స్క్రీన్ రీడర్. ఇంగ్లీషు గొంతు భిన్నం దగ్గర ఆగి, మైనస్ బీ దగ్గర్నుంచి వర్గమూలం దాకా ఒక్కొక్క మెట్టూ దిగింది. మాస్టారు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ విన్నారు. త్రిభుజం దగ్గరికొచ్చేసరికి ఆ గొంతు ఫైలు పేరు చదివింది.

"దానికి మాటలు మీరే చెప్పాలి మాస్టారూ," అంటూ ఆమె బొమ్మ ఆల్ట్ టెక్స్ట్ దగ్గర కర్సర్ పెట్టింది.

ఆయన కళ్లజోడు తీసి కళ్లు మూసుకున్నారు. "రాయమ్మా. ఏబీసీ లంబకోణ త్రిభుజం. లంబకోణం బీ దగ్గర..."