పత్రికల చందాయు, పాత సంచికల రక్షణయు



పుస్తకము కొనుట యొకనాఁటి పని. పత్రిక తెప్పించుట యేఁటేఁటి పని. ఈ భేదము నెఱుఁగక మన చిన్న గ్రంథాలయములు, కళాశాలల పుస్తకశాలలు ఎంత పోగొట్టుకొనునో, శ్రీకాకుళ విజయనగర సీమల చరిత్రనుండి నేఁడు మీకు మనవి చేయఁదలఁచితిని.

విజయనగరమున మహారాజావారి పాఠశాల 1879 సం.న కళాశాల యయ్యెను. గురజాడ అప్పారావుగారు అందే చదివి, అందే యుపన్యాసకులైరి. వారి 'దిద్దుబాటు' కథ 1910 సం. ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి' మాసపత్రికలో నచ్చుపడెను. పర్లాకిమిడి కళాశాలలో బోధించిన గిడుగు రామమూర్తిగారు 1919 సం.న 'తెలుఁగు' అను పత్రికను నెలకొల్పిరి. అది కొలఁదికాలమే నడచెను. పుస్తకము మరల నచ్చగును. పత్రికా సంచిక సాధారణముగా మరల నచ్చుకాదు. నాఁడు దాఁచినవారి వలననే అది నేఁడు మనకు దక్కును.

దాఁచుట యనఁగా అలమరలోఁ బడవేయుట కాదు. గడువు తీఱకమునుపే చందా కట్టవలెను. వచ్చిన ప్రతి సంచికను పట్టీలో వ్రాయవలెను. టపాలో నొకటి తప్పినచో వెంటనే పత్రికా కార్యాలయమునకు జాబు వ్రాయవలెను. ఆలసించిన ప్రతులు మిగులవు. ఏఁడాది నిండఁగానే పండ్రెండు సంచికలను వరుసగాఁ గూర్చి బైండు కట్టింపవలెను. ఒక్కటి లోపించినను ఆ సంపుటము కుంటిదే.

సొమ్ము చాలనప్పుడు దేనిని మానవలెను? చదువరుల సంఖ్య నొక్కదానినే చూడరాదని నా యభిప్రాయము. పొరుగూరి గ్రంథాలయమున నా పత్రిక కలదా యని ముందు విచారింపవలెను. కలదేని మనము వేఱొకటి తెప్పించి, పరస్పరము ఇచ్చి పుచ్చుకొనవచ్చును.

ఇంత శ్రమ యేల యందురా? తెలుఁగున మొదటి కథ 'దిద్దుబాటే' యని చిరకాలము చెప్పుకొంటిమి. పరిశోధకులు పాత పత్రికలు తిరుగవేయఁగా, భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' 1902 సం.ననే 'హిందూసుందరి'లో వెలువడినట్లు తేలెను. ఆ సంచిక చిత్తుకాగితములలోఁ గలసిపోయి యుండినచో నొక విదుషీమణి కీర్తి మఱుఁగుపడి యుండెడిది.

ఈ మర్మమెఱిఁగినవారు మన కాళీపట్నం రామారావుగారు. బడిపంతులుగాఁ బనిచేసిన ఆ కథకులు తమకు బహుమానముగా వచ్చిన ధనమును వెచ్చించి, 1997 సం. ఫిబ్రవరి 22వ తేదీన శ్రీకాకుళమునఁ గథానిలయమును స్థాపించిరి. కథ లచ్చుపడిన పాత సంచికల నూరూరను వెదకి చేర్చిరి. 2021 సం.న వారు గతించిరి. వారు కూర్చిన నిధి నిలిచియున్నది. 1924 సం.నఁ బుట్టిన 'భారతి' 1991 సం.న నిలిచిపోయెను. అట్టి పత్రికలకుఁ బాత సంపుటములే ప్రాణము.

పెద్దలారా! మీ యటకలమీఁదఁ దాతలనాఁటి సంచిక లుండవచ్చును. వానిని తూకమునకు అమ్మకుఁడు. పేరు, సంవత్సరము, నెల ఒక కాగితముపై వ్రాసి, దగ్గఱి గ్రంథాలయమువారికిఁ జూపుఁడు. వారి సంపుటములో లోపించిన సంచిక మీ యింటనే యుండవచ్చును.