కథకు ఇల్లు కట్టాలంటే

అత్తిలిలో మా హాస్టల్ చుట్టూ వరిచేలే, కొండ అన్నది కనపడదు. రాత్రి కరెంటు పోతే డాబా ఎక్కి ఊళ్ల కథలు చెప్పుకుంటాం. లైటు రాగానే కథ ఆగిపోతుంది, ఎవరి ఫోను వాళ్లది. అక్కడే మాకీ ఆలోచన వచ్చింది.

మన కోయల చరిత్ర ఎక్కువగా పడిగెల్లో ఉంది. గుడ్డ మీద బొమ్మలుగా ఉంటుంది, గట్టు గట్టుకీ వేరు. డోలివాళ్లు డోలు కొడుతూ ఆ బొమ్మల కథ పాడాలి. పాట లేకపోతే అది ఉత్త రంగుల గుడ్డే. మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన పోయారు.

అరకులో 1996 నుంచి గిరిజన మ్యూజియం ఉంది, జోడేఘాట్‌లో కొమురం భీం మ్యూజియం ఉంది. మంచివే, కాదనం. కానీ మ్యూజియం అంటేనే ఎక్కువగా కంటితో చూసేది. అమెరికాలో ఫ్లోరిడా సెమినోల్ తెగవాళ్లు 1997లో సొంతంగా ఒకటి తెరిచారు. దాని పేరుకి వాళ్ల భాషలో నేర్చుకునే చోటు, గుర్తుంచుకునే చోటు అని అర్థం. బిల్డింగ్ బయట చిత్తడి అడవిలోంచి దాదాపు మైలు పొడవున చెక్కల దారి వేశారు. అంటే అడవి కూడా మ్యూజియంలో భాగమే.

మనం కడితే? వంగితే గానీ లోపలికి వెళ్లలేని చూరు, పేడతో అలికిన నేల, తాటాకు కప్పు, సగం చీకటి. పడిగె చుట్టి ఉంచాలి, డోలు మోగినప్పుడే విప్పాలి. మాలో ఒకడు ఒప్పుకోలేదు. "వేల్పుది టికెట్ పెట్టి చూపిస్తారా?" అన్నాడు. నిజమే, పెద్దల మాట లేకుండా కుదరదు.

పోలవరం ముంపు ఊళ్ల నుంచి వచ్చి కాలనీలో ఉంటున్న మా స్నేహితుడి మామ్మ ఒకప్పుడు గుట్టని వేలితో చూపించి కథ చెప్పేది. ఇప్పుడు చూపించడానికి ఎదురింటి సిమెంటు గోడే ఉంది, అందుకని చెప్పడం మానేసింది. పోయిన వేసవిలో వాడు గుప్పెడు ఇప్పపువ్వు తెచ్చి గుమ్మంలో ఆరబోశాడు. సాయంత్రానికి ఆ వాసనకి లేచి కూర్చుని, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టిందట. సగంలో నిద్రపోయింది. మిగతా సగం కోసం ఈ సెలవులకి మేం నలుగురం వెళ్తున్నాం. ఇప్పపువ్వు ఎవరింట్లో ఉందో చెప్పండి.