సమానుల ద్వీపము: ట్రిస్టన్ డా కున్హా చరిత్ర

1962వ సంవత్సరము డిసెంబరు మాసములో, ఇంగ్లండు దేశపు దక్షిణ తీరమందలి కాల్‌షాట్ అను గ్రామమున ఒక చిన్న యెన్నిక జరిగినది. అందు పదవులకు పోటీ లేదు, పక్షములు లేవు. వోటు చేసినవారు 153 మంది మాత్రమే. వారి ముందున్న ప్రశ్న ఒక్కటే: ఈ దేశముననే స్థిరపడుటయా, లేక అగ్నిపర్వతము ప్రేలిన స్వద్వీపమునకు మరలిపోవుటయా? వోట్లు లెక్కింపగా పోవలెనన్నవారు 148 మంది, ఉండవలెనన్నవారు అయిదుగురు.

ఈ వార్త విని ఆనాడు పెక్కుమంది విస్తుపోయిరి. విద్యుద్దీపములు, కొళాయినీరు, వారము వారము జీతము, దగ్గరలో వైద్యశాల, పిల్లలకు మంచి పాఠశాల, ఇన్ని సౌకర్యములు అనుభవించిన పిమ్మట ఎవరైనను గాలివానలకు నిలయమైన ఒక రాతిదిబ్బకు తిరిగి పోగోరుదురా? వారు గోరిరి. దానికి కారణమును వారి ద్వీపపు కథలోనే వెదుకవలెను.

ఆ ద్వీపము పేరు ట్రిస్టన్ డా కున్హా. అది దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రములో, ఆఫ్రికా దక్షిణాగ్రమునకును దక్షిణ అమెరికాకును నడుమ నున్నది. కేప్‌టౌన్ రేవునుండి దానికి సుమారు 2,800 కిలోమీటర్ల దూరము. జనులు నివసించు తావులలో దానికి మిక్కిలి సమీపమున నున్నది సెంట్ హెలీనా ద్వీపము. అదియు 2,400 కిలోమీటర్ల దూరమున నున్నది. లోకములో మనుష్యులు స్థిరముగా నివసించు దీవులలో ఇంత దూరముగా విసరివేయబడినది మఱియొకటి లేదు. ద్వీపము వైశాల్యము సుమారు 98 చదరపు కిలోమీటర్లు. సముద్రగర్భమునుండి లేచిన అగ్నిపర్వతమే ఆ ద్వీపము. శిఖరము ఎత్తు 2,000 మీటర్లకు పైబడియుండును. చలికాలమున దానిపై మంచు పేరుకొనును. చుట్టును గోడలవలె నిలిచిన కొండకొమ్ములు. వాయవ్యభాగమున మాత్రము కొండకును కడలికిని నడుమ సన్నని మైదానము. ఉన్న ఒక్క గ్రామమును ఆ మైదానముననే కలదు. విమానాశ్రయము నేటికిని లేదు. కేప్‌టౌన్‌నుండి ఓడపై పోవుటకు ఇంచుమించు వారము పట్టును. చేరిన పిమ్మటను సముద్రము శాంతింపనిచో, ఊరు కన్నుల కగపడుచుండగనే రోజుల తరబడి దిగక వేచియుండవలెను.

ఈ ద్వీపమును 1506లో చూచి తన పేరు పెట్టినవాడు పోర్చుగీసు నౌకాధిపతియగు ట్రిస్టావ్ డా కున్హా. ఆయన మన హిందూ మహాసముద్రమునకు వచ్చుచున్న నౌకాదళమునకు నాయకుడు. అలలు అడ్డుపడుటచే ఆయన ఒడ్డున దిగలేదు. పిదప మూడువందల యేండ్లు అది ఇండియాకు పోవు ఓడలకు ఒక ఆనవాలుగను, మంచినీటి తావుగను ఉండెనే గాని, అచట స్థిరనివాసము ఏర్పడలేదు. 1810 ప్రాంతమున జొనాథన్ లాంబర్ట్ అను అమెరికా నావికుడు కొందరితో దిగి, ఆ దీవులకు తానే ప్రభువునని ప్రకటించుకొనెను. 1812లో సముద్రమున మరణించెను. తానే ఏలికనని చెప్పుకొన్న మొదటివాని యేలుబడి అట్లు ముగిసినది.

1815లో నెపోలియన్ చక్రవర్తిని బ్రిటిషువారు సెంట్ హెలీనాలో బంధించిరి. ఆయనను విడిపించుటకు ఎవరైనను ట్రిస్టన్ ద్వీపమును స్థావరముగా జేసికొందురేమో యని శంకించి, 1816 ఆగస్టులో దానిని ఆక్రమించి ఒక చిన్న దండును నిలిపిరి. మరుసటి సంవత్సరమే ఆ భయము తీరి, దండును వెనుకకు పిలిచిరి. అందరును ఓడ యెక్కుచుండగా, విలియం గ్లాస్ అను స్కాట్లండు దేశీయుడు, కార్పొరల్ పదవిలో నున్నవాడు, ఇచటనే యుండుటకు సెలవు గోరెను. ఆయన భార్య మరియా కేప్ ప్రాంతపు స్త్రీ. పిల్లలతో కూడిన ఆ కుటుంబమునకు శామ్యూల్ బర్నెల్, జాన్ నాన్కివెల్ అను ఇద్దరు తాపీపనివారు తోడైరి.

1817 నవంబరులో వారు ఒక ఒప్పందము వ్రాసికొనిరి. పశువులు, సామగ్రి అందరికిని సమానముగా చెందవలెను. లాభము వచ్చినచో సమానముగా పంచుకొనవలెను. ఖర్చును సమానముగా భరింపవలెను. తమలో ఎవడును మఱియొకనిపై ఆధిక్యము చూపరాదు. సైన్యములో ఆజ్ఞలకు లోబడి బ్రదికిన మనుష్యుడు తన స్వంత సంఘమునకు పెట్టిన మొదటి నియమము, ఆజ్ఞాపించువాడు ఉండరాదని! ఈ సంగతి మఱవరాదు. ద్వీపచరిత్ర యంతయు ఆ కాగితముచుట్టునే తిరుగుచున్నది.

క్రమముగా ఓడలు పగిలినవారు, ఓడలనుండి దిగినవారు కొందరు వచ్చి చేరిరి. వారిలో పెక్కురు బ్రహ్మచారులు. 1827లో ఒక నావికుని సాయముతో సెంట్ హెలీనానుండి అయిదుగురు స్త్రీలను రప్పించుకొనిరి. ఒడ్డున మొదట దిగినామెనే పెండ్లాడెదనని థామస్ స్వేన్ అనెనని ద్వీపవాసులు చెప్పుకొందురు. 1836లో ఓడ పగిలి చేరిన పీటర్ గ్రీన్ హాలండు దేశీయుడు. రోజర్స్, హేగన్ అనువారు అమెరికనులు. 1892లో ‘ఇటాలియా’ యను నౌక పగులగా వచ్చిన రెపెట్టో, లవరెల్లో అనువారు ఇటలీ దేశీయులు. ఈ విధముగా పలు దేశముల రక్తము కలిసి, గ్లాస్, స్వేన్, గ్రీన్, రోజర్స్, హేగన్, రెపెట్టో, లవరెల్లో అను ఏడు ఇంటిపేర్లతో ఒక జాతి యేర్పడినది. 1867లో విక్టోరియా రాణి కుమారుడైన ఎడింబరో డ్యూకు ఆ ద్వీపమును దర్శించిన జ్ఞాపకముగా ఆ గ్రామమునకు ‘ఏడు సముద్రముల ఎడింబరో’ అని పేరు వచ్చినది. ద్వీపవాసులు మాత్రము దానిని ‘సెటిల్‌మెంట్’ అని యందురు.

వారికి చెఱసాల లేదు, పన్ను లేదు, నాణెము లేదు. పెద్దయను గౌరవము గ్లాసునకును, 1853లో ఆయన మరణించిన పిదప గ్రీనునకును లభించినదే గాని, అధికారముద్ర ఎవరికిని లేదు. తిమింగిలముల వేటకు వచ్చు ఓడలకు బంగాళాదుంపలు, మాంసము, మంచినీరు ఇచ్చి, పిండి, బట్టలు, మేకులు, కలప పుచ్చుకొనుట వారి వాణిజ్యము. అయితే ఆ వాణిజ్యము పరుల చేతిలోనిది. తిమింగిలముల వేట తగ్గినది; తెరచాపల ఓడలు పోయి ఆవిరి ఓడలు వచ్చినవి; 1869లో సూయజ్ కాలువ తెరువబడగా తూర్పుదేశముల ఓడలు ఆ దారినే మానివేసినవి. ఎక్కడనో ఎడారిలో త్రవ్విన కాలువ వీరి పొయ్యిలో పిల్లిని నిదురింపజేసినది!

1885 నవంబరులో, దూరముగా పోవుచున్న ఒక ఓడతో బేరమాడుటకై పడవపై పోయిన పదునేనుగురు పురుషులు తిరిగి రాలేదు. గ్రామమందలి వయోజనులైన పురుషులలో అధికభాగము ఒక్కదినముననే నశించిరి. విధవలును పిల్లలును మిగిలిరి. మఱియొక దేశమున స్థలమిత్తుము, రండని ప్రభుత్వమువారు పిలిచిరి. కొందరు పోయిరి, తక్కినవారు కదలలేదు. లోకముతో వారి సంబంధము ఎంత సన్ననిదనగా, మొదటి ప్రపంచయుద్ధము ముగిసినదన్న వార్త 1919లో ఒక యుద్ధనౌక వచ్చి చెప్పువఱకు వారికి తెలియదు.

ఆ నిశ్శబ్దమును భంగపఱచినది రేడియోయే. 1942లో, రెండవ ప్రపంచయుద్ధ కాలమున, బ్రిటిషు నౌకాదళమువారు అచట వాతావరణ పరిశీలనకును, నిస్తంత్రీ వార్తలకును రహస్యముగా ఒక కేంద్రము నెలకొల్పిరి. దానితోపాటు వైద్యుడును, పాఠశాలయు, ద్రవ్యమును వచ్చినవి. కూలికి డబ్బు పుచ్చుకొనుట ద్వీపవాసులు అప్పుడే నేర్చిరి. అయినను పాతలెక్క వెంటనే పోలేదు. 1946లో తయారైన ఒక అనధికారపు తపాలాబిళ్లపై వెల ఒక పెన్నీ అనియు, నాలుగు బంగాళాదుంపలనియు రెండు విధముల ముద్రించిరి. డబ్బు విలువను దుంపలతో చెప్పవలసిన కాలమది.

రాజకీయముగా ద్వీపమును 1938లో సెంట్ హెలీనాకు అనుబంధముగా చేసియుండిరి. 1949లో లాబ్‌స్టరు జాతి పెద్దరొయ్యలను పట్టి డబ్బాలలో నింపు పరిశ్రమ వచ్చినది. 1950లో మొదటి పాలనాధికారి వచ్చెను. 1952లో అధికారికముగా తపాలాబిళ్లలు వెలువడినవి. లోకమందలి బిళ్లల సేకరణదారులు వానిని కొనుచుండుటచే, ఉత్తరములు వ్రాయువారు కొద్దిమందియైనను తపాలాయే ఒక ఆదాయమార్గమైనది.

ఇంతలో 1961 ఆగస్టునుండి భూమి కంపింప నారంభించెను. అక్టోబరులో ఊరిప్రక్కనే నేల పగిలి, ఉబ్బి, నిప్పులు గ్రక్కెను. 10వ తేదీన 264 మంది ద్వీపవాసులును చేపలపడవలపై నైటింగేల్ అను పొరుగుదీవికి చేరి, మఱునాడు ‘చీసదానే’ యను డచ్చి ఓడలో కేప్‌టౌనుకును, అటనుండి ఇంగ్లండునకును పోయిరి. వెనుక లావా ప్రవహించి రొయ్యల కర్మాగారమును, పడవలు దిగు తీరమును కప్పివేసెను. ఇండ్లు మాత్రము చాలవఱకు నిలిచినవి.

ఇంగ్లండు ప్రజలు వారిని దయతో చూచిరి. ఇల్లు, పని, వస్త్రములు సమకూర్చిరి. ఆ దయలో కొరత లేదు. కాని ద్వీపమున లేని జలుబులు, ఊపిరితిత్తుల జబ్బులు వారికి సోకినవి. వృద్ధులు కొందరు ఆ దేశముననే మరణించిరి. పత్రికలవారు, పరిశోధకులు వారిని వింతవస్తువులవలె చూచిరి. తలుపునకు తాళము వేయని జనము తాళము వేయుట నేర్చెను. అన్నిటికంటె ముఖ్యముగా, స్వద్వీపమున ప్రతివాడును తన పొలమునకు, తన పడవకు తానే యజమాని. ఇచట ప్రతివాడును ఒకని క్రింద జీతగాడు. 1817నాటి కాగితములో ఉండరాదన్న ఆ తారతమ్యము వారికి మొదటిసారి అనుభవమునకు వచ్చినది. వారు ప్రభుత్వమునకు విన్నపములు చేసిరి. ప్రభుత్వము సందేహించెను. 1962లో పండ్రెండుగురు ముందుగా పోయి ఇండ్లను, పొలములను చూచి బాగుచేయసాగిరి. అటుపిమ్మటనే మొదట చెప్పిన యెన్నిక. 1963లో రెండు జట్లుగా జనులు తిరిగి చేరిరి. కొత్త కర్మాగారము కట్టిరి. 1967లో కొత్త రేవు తెఱచి, తాము తలదాచుకొన్న కాల్‌షాట్ పేరునే దానికి పెట్టిరి.

ఇపుడు ద్వీపమున ఉన్నవారు 250 మందికి లోపు. 2009 నాటి రాజ్యాంగశాసనముచే ట్రిస్టన్ సెంట్ హెలీనాకు అనుబంధము గాక, సెంట్ హెలీనా, అసెన్షన్ దీవులతో సమానహోదా గల భూభాగమైనది. లండనునుండి నియమితుడైన పాలనాధికారికి తోడుగా, ఎనమండుగురు ఎన్నికైనవారు, ముగ్గురు నియమితులు గల ద్వీపసభ కలదు. మూడేండ్ల కొకసారి యెన్నిక. ఎన్నికైనవారిలో ఒక స్త్రీయైనను ఉండితీరవలెను. ద్వీపముఖ్యులును ఎన్నికైనవారే. ఆ పదవి స్త్రీకిని లభించినది. భూమి అందరి ఉమ్మడి సొత్తు. పరులు దానిని కొనరాదు. ఒకడు మితిమీరి సంపన్నుడై గడ్డినేలనంతను తన పశువులతో నింపకుండునట్లు, ప్రతి కుటుంబమునకును పశువుల సంఖ్యపై పరిమితి కలదు. ఊరికి పడమటనున్న రాతిగోడల మళ్లలో ప్రతి కుటుంబమును, అది ఉద్యోగుల కుటుంబమే యైనను, బంగాళాదుంపలు పండించుకొనును. చేపలు పట్టుటకు సముద్రము అనుకూలించిన దినమున తెల్లవారుజామున గంట మ్రోగును. ఆ గంట విని పడవలవారు పడవలకు, ఇతరులు కర్మాగారమునకు పోవుదురు.

ఇది స్వర్గమని చెప్పుట అసత్యమగును. 1966లో కొందరు తిరిగి ఇంగ్లండునకు పోయిరి. మూలపురుషులు, స్త్రీలు కలిసి పదునేనుగురే యగుటచే, వారినుండి సంక్రమించిన ఉబ్బసము పెక్కుమందిని బాధించుచున్నది. ఆదాయమంతయు ముఖ్యముగా ఆ రొయ్యపైననే ఆధారపడియున్నది. 2008లో కర్మాగారము అగ్నికి ఆహుతియైనపుడు గ్రామమంతయు తల్లడిల్లెను. 2011లో ‘ఒలీవా’ యను సరకుల ఓడ నైటింగేల్ దీవికి తగిలి పగిలి, చమురు పాఱి, వేలకొలది పెంగ్విన్ పక్షులను ముంచెను. ద్వీపవాసులు ఆ పక్షులను బుట్టలలో తెచ్చి కడిగి, చేపలు తినిపించిరి. 2020లో వారు తమ చుట్టునున్న సుమారు 6,87,000 చదరపు కిలోమీటర్ల సముద్రమును రక్షితప్రాంతముగా ప్రకటించి, అందు అత్యధికభాగమున వేటను నిషేధించిరి. రెండువందల యేబదిమందియైనను లేని ఊరు ఇంత కడలికి కావలి కాయుచున్నది.

సమానత్వము గొప్ప ఆదర్శమని చెప్పిన గ్రంథములు పెక్కులు కలవు. ట్రిస్టన్ ప్రజలు గ్రంథము వ్రాయలేదు. ఎన్ని గొఱ్ఱెలు చాలును, ఎన్ని రొయ్యలు చాలును అని లెక్క వేసికొని, ఆ లెక్కకు తామే కట్టుబడిరి. ఆ కట్టుబాటు నిలుపుకొనుట సులభము కాదు. యువకులు చదువులకై దూరదేశములకు పోవుచున్నారు. తిరిగి వచ్చువారెందరు అనుటపైననే గ్రామముయొక్క భవిష్యత్తు ఆధారపడియున్నది. కాల్‌షాట్‌లో 148 మంది ఒకసారి చెప్పిన సమాధానమును, ఇపుడు ప్రతి తరమును, ప్రతి యువకుడును, ప్రతి యువతియు ఒంటరిగా మరల చెప్పవలసియున్నది.