ఒక్క ఫొటో వెనక ఎన్ని చేతులో

రాజా దీన్‌దయాళ్ స్టూడియో ఫొటో ఎక్కడైనా కనబడితే కింది అంచున చూడండి. చాలావాటి మీద తెల్లటి నంబరు ఉంటుంది. అది కాగితం మీద వేసింది కాదు. గాజు నెగెటివ్ మీద నల్ల సిరాతో, అద్దంలో చూసినట్టు తిరగేసి రాసింది. సిరా ఉన్నచోట వెలుతురు దిగదు కాబట్టి అచ్చులో తెల్లగా, తిన్నగా పడింది. అలా తిరగేసి రాయడం ఒక పనివాడి నేర్పు. ఫొటో అతికించిన అట్ట మీది పేరు మాత్రం యజమానిది.

మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టిన దీన్‌దయాళ్, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి ఇండోర్‌లో సర్కారు కొలువు చేశారు. 1880ల చివర్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఇటు కంటోన్మెంట్ దొరలు, అటు నిజాం దర్బారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ను ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకుని 'ముసవ్విర్ జంగ్' బిరుదిచ్చారు.

ఆయన ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ రోజుల్లో ఫొటో అంటే ఒక కార్ఖానా పని. కెమెరా దగ్గర ఒకరు, చీకటి గదిలో ఒకరు. నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో మొహంలోని ముడతలు, మచ్చలు సరిదిద్దేవారు ఇంకొకరు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని గాజు పలకకు ఆనించి, చట్రంలో బిగించి ఎండలో పెట్టేవారు. బొమ్మ ఎంత ముదిరాక తీయాలో కంటితోనే తేల్చుకోవాలి. తర్వాత బంగారు లవణం కలిపిన నీళ్లలో ముంచితే రంగు నిలిచేది. పల్చటి కాగితం చుట్టుకుపోకుండా మందపాటి అట్టకు అతికించేవారు. కొన్నిటికి చిత్రకారులు రంగులద్దేవారు.

1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ. ఫొటోలు తీసేదీ ఆడవాళ్లే. ఆ కాలానికి అదెంత పెద్ద అడుగో!

దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. వాటి అచ్చులతో సికింద్రాబాద్‌లోనే ఒక శాశ్వత ప్రదర్శన పెట్టాలి. పక్కనే ఆనాటి అచ్చు చట్రం, రీటచ్ బల్ల, ఒక గాజు పలక కూడా ఉంచాలి. తిరగేసి రాసిన ఆ నంబరును మన పిల్లలు దగ్గరగా చూడాలి.