పొత్తు కుదరని యంత్రములు



గత సంవత్సరము మా కుమారుడు క్రొత్త కంప్యూటరు కొని, తన పాతదానిని నాకు విడిచిపోయెను. ఉద్యోగము విరమించిన బడిపంతులునకు దానితో నెంత పని? జాబులు వ్రాయుట, పంచాంగము చూచుట తీరిన పిదప దినమంతయు నది యూరకయే యుండెడిది. ఇట్లూరక యున్న యంత్రమును శాస్త్రపరిశోధనకు వినియోగింప నీయవచ్చునని విని, మనుమనిచేత నొక పరిశోధనసంస్థవారి సాఫ్టువేరును అందు పెట్టించితిని. మూడు దినము లెదురుచూచితిని, పని రాలేదు. నాల్గవనాడు, నా యంత్రమునకు తగిన పని తమయొద్ద లేదను సమాచారము తెరమీద కనబడినది. ఇచ్చెదనన్నను పుచ్చుకొనువారు లేకపోవుట నాకు చిన్నతనముగ నుండెను. యంత్రము పాతది, నేనును పాతవాడనే! కారణ మరయగా నొక చిన్న చరిత్రయే బయలుపడినది. దానిని తమకు విన్నవించెదను.

ఈ దానపద్ధతి పుట్టి ముప్పదియేండ్లయినది. 1996 జనవరిలో అమెరికా దేశస్థుడగు జార్జి వోల్ట్‌మన్, మెర్సెన్ ప్రధానసంఖ్యలను వెదకుటకై ఇండ్లలోని కంప్యూటర్ల సాయము కోరెను. రెండు యొక్క ఘాతమునుండి ఒకటి తీసివేయగా మిగులు ప్రధానసంఖ్యలకు ఆ పేరు. ఆ యేడు నవంబరులోనే 4,20,921 అంకెలు గల క్రొత్త సంఖ్య దొరకెను. తరువాత 1999 మే 17వ తేదీన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ పండితులు సెటీ ఎట్ హోమ్ అను ప్రయత్న మారంభించిరి. ప్యూర్టోరికో ద్వీపమునందలి అరెసిబో రేడియో దూరదర్శిని గ్రహించిన తరంగములను చిన్న తునకలుగ చేసి యింటింటికి పంపి, అన్యలోకవాసుల సంకేత మేమైన నందు కలదేమో వెదకించిరి. కాలక్రమమున 50 లక్షలకు మించిన జనులు ఇందు చేరిరి.

జనులు చేరిరి గాని, వారి యంత్రములన్నియు నొక జాతివి గావు. ఒక ప్రాసెసరునకై సిద్ధపరచిన యాజ్ఞలు వేరొక జాతి ప్రాసెసరునకు బోధపడవు. తాళపత్రమున నెంత చక్కగ వ్రాసినను, లిపి యెరుగనివానికి అది గీతలు పడిన యాకే కదా! కావున విండోసునకు, మాకింటోషునకు, యూనిక్సునకు వేర్వేరుగ ప్రోగ్రాములను సిద్ధపరుపవలసి వచ్చెను. ఇది మొదటి చిక్కు.

రెండవది యింతకంటె గహనమైనది. ప్రోగ్రాము చక్కగ నడచిన యంత్రములు సైతము ఒకే లెక్కకు వేర్వేరు జవాబులిచ్చుట! కంప్యూటరు దశాంశములను అంతులేకుండ లెక్కింపజాలదు. ఎచటనో తెంచి, తుది యంకెను సవరించును. కూడికలు, తీసివేతలు, గుణకారము, భాగహారము నెట్లు సవరింపవలెనో 1985లో వెలువడిన ఐ.ఇ.ఇ.ఇ. 754 అను ప్రమాణము నిర్ణయించినది. లాగరిథములు, త్రికోణమితి విలువలు మున్నగువానికి మాత్రము అందట్టి కట్టుబాటు లేదు. ఒకే తిథికి ఇరువురు పంచాంగకర్తలు వేర్వేరు ఘడియలు వ్రాయుట నెరిగిన మనకిది వింత గాదు.

ఈ స్వల్పభేదము ఎంత చేటు తెచ్చునో జెనీవా చెంతనున్న సెర్న్ సంస్థవారు చవిచూచిరి. వారు 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగమునందు నిర్మించుచున్న యంత్రములో కణము లెట్లు తిరుగునో ముందుగ గణించుటకు 2004లో ఇంటి కంప్యూటర్ల సాయము కోరిరి. కణమును లక్షసార్లు త్రిప్పి చూచులెక్కలో, మొదటి చుట్టునందలి వెంట్రుకవాసి తేడా తుదకు కొండయగును. ఫ్రాన్సులోని లియాన్ నగర విద్వాంసులు, ఏ యంత్రమునందైనను తుది యంకె ఒక్కటే వచ్చునట్లు నిర్మించిన గణితప్రమేయసంగ్రహమును చేర్చిన పిదప ఈ చిక్కు తీరెను.

బర్కిలీలో డేవిడ్ ఆండర్సన్ 2002లో ఆరంభించిన బోయింక్ అను సాఫ్టువేరు వేరొక మార్గమును గూడ చూపినది. ఒకే పనిని ఇద్దరికి పంపి, జవాబులు కలిసిననే గ్రహించుట సామాన్యపద్ధతి. అంకెలు భేదించు ప్రమాదమున్నచో, ఒకే జాతి యంత్రములకే ఆ రెండు ప్రతులను పంపుదురు. గ్రంథపరిష్కరణ మెరిగినవాడ నగుటచే నాకిచట నొక శంక పొడమినది. ఒకే మాతృకనుండి దిగిన రెండు ప్రతులు ఏకీభవించినంత మాత్రమున పాఠము శుద్ధమని చెప్పవచ్చునా? చెప్పరాదు. అయితే చెడిన యంత్రమును, వంచకుని పట్టుకొనుటకు ఈ యుపాయము చాలును. మూలమునకే చికిత్స చేసినవారు లియాన్ విద్వాంసులు.

ఇట్టి యైకమత్యమునకు ఫలము లేకపోలేదు. ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అను ప్రయత్నమున అమెరికాలోని అయోవా రాష్ట్రపు దంపతుల కంప్యూటరును, జర్మనీలోని వేరొకరి కంప్యూటరును ఒకే తరంగములను పరీక్షించి ఒకే జవాబిచ్చెను. తన్మూలమున, సెకనుకు దాదాపు 41 మారులు తిరుగు పల్సార్ నక్షత్ర మొకటి 2010లో లోకమునకు తెలియవచ్చెను. ఆ తరంగములును అరెసిబోవే. ఆ మహాయంత్రము 2020 డిసెంబరు 1న కూలిపోయినది. సెటీవారు అంతకుముందే, ఆ యేడు మార్చి 31న, ఇండ్లకు క్రొత్త పని పంచుట మానిరి.

మూడవ చిక్కు కాలము తెచ్చినది. నన్ను బాధించినదియు నదియే. 32 బిట్ల ప్రోగ్రాములు క్రమముగ వెనుకబడి, 64 బిట్లవి వ్యాపించెను. 2019లో వెలువడిన మాకింటోషు ఆపరేటింగ్ సిస్టము మొదటివానిని నడపుటయే మానివేసెను. నా కంప్యూటరు ప్రాసెసరు 64 బిట్లదే. అందు పెట్టిన ఆపరేటింగ్ సిస్టము 32 బిట్లది. నాలుగు గదుల యింటిలో ఒక్క గది తెరచుకొని కాపురము చేయుచున్నట్లు! మనుమడు నా వ్రాతలను వేరొకచోట భద్రపరచి, ఉచితముగ లభించు 64 బిట్ల లినక్సును స్థాపించెను. మరునాడే పని వచ్చినది.

ఆ పని ముగియుటకు పదునాలుగు గంటలు పట్టెను. ముగిసినను, రెండవ యంత్రము జవాబు వచ్చువరకు నిరీక్షింపవలెనని తెరమీద కనబడుచుండెను. దినమునకు రెండుమార్లు పోయి చూచుకొనెడివాడను. పరీక్షవ్రాసి వచ్చిన బాలుర యాతురత నలువదియేండ్లు చూచియు, అది యెట్టిదో నాకప్పుడుగాని తెలియలేదు. తొమ్మిదవనాడు జవాబులు కలిసెను. ఆ రెండవ యంత్ర మే దేశమునందున్నదో, దాని యజమాను డెవరో నే నెరుగను. మేమిరువురము చెప్పినది ఒక్కటే యని మాత్ర మెరుగుదును.